వంజరం తిని రాసిన రిపోర్టు

ముప్పై రెండేళ్ళు బడిలో పనిచేసిన మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు బొంకుతున్నారో మొహం చూసి చెప్పేయగలననే జబ్బు. నాకది బాగా ముదిరిపోయింది. కడుపునొప్పి అని పిల్లలు బల్ల మీద తల వాల్చేస్తే, ఆ నొప్పి లెక్కల పీరియడుకు ముందు మొదలైందా, తర్వాత మొదలైందా అని అడిగేదాన్ని. స్టాఫు రూములో నవ్వేవాళ్ళు. "మేడంగారి కళ్ళు కప్పడం ఎవరివల్లా కాదు" అనేవాళ్ళు. రిటైరైన రోజున కప్పిన శాలువాతో పాటు ఆ మాటనూ భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను.

మాది కోవూరు. పెన్న దాటితే నెల్లూరు. ఇంట్లో కూర్చుని మూడు నెలలు గడిచాయో లేదో, నెల్లూరులో ఒక ట్రస్టువాళ్ళు కబురు పెట్టారు. ఇంటర్ పాసైన ఆడపిల్లలకూ, అంగవైకల్యం ఉన్న పిల్లలకూ డిగ్రీ చదివేందుకు సాయం చేసే ట్రస్టు అది. కాలేజీ ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ మూడేళ్ళూ వాళ్ళే చూసుకుంటారు. దాన్ని పెట్టిన పెద్దాయన మంచి మనిషి. కాస్త మొండి. తన చెల్లెల్ని అయిదో తరగతితో ఆపేశారని ఆయనకు జీవితమంతా బాధ. అడిగేవాళ్ళు చాలామంది, ఇవ్వగలిగేది కొందరికే. అందుకని ప్రతి ఇంటికీ వెళ్ళి, చూసి, రాసే మనిషి కావాలి వాళ్ళకు. దాన్ని ఇంటి విచారణ అనేవాళ్ళు. ఆ పని నాకిచ్చారు.

నేను ఎగిరి గంతేశాను. జీతం లేదు, బస్సు ఖర్చులు నావే, అయినా సంబరమే. నా కన్నుకు మళ్ళీ పని దొరికింది.

మొదటి వేసవిలోనే పేరు కొట్టేశాను. కొడవలూరు వైపు ఒక ఊళ్ళో మిద్దె ఇల్లు. ఇంటావిడ చిరిగిన చీర కట్టుకుని, కన్నీళ్ళు పెట్టుకుని, మాకు కూడు కూడా కష్టంగా ఉంది మేడం అంటోంది. ఆవిడ వెనక గోడ మీద నాలుగు మేకుల బెజ్జాలు, వాటి మధ్య సున్నం మాత్రం తెల్లగా మెరుస్తోంది. "టీవీ ఎవరింట్లో పెట్టారమ్మా?" అని అడిగాను. ఆవిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. బయటికొచ్చి పక్కవాళ్ళ గడ్డివామి వెనక్కి వెళితే, టార్పాలిను కప్పుకుని ట్రాక్టరు నిద్రపోతోంది. నా చేత్తో నేనే ఆ టార్పాలిను ఎత్తాను. ట్రస్టు మీటింగులో ఈ కథ చెబితే పెద్దాయన కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు.

ఇది తెలుసుకోవడానికి నాకు పెద్ద తెలివేమీ అక్కర్లేదు. వడ్లు పండించే ఇంట్లో పుట్టినదాన్ని. పంట నష్టం రాసుకోవడానికి అధికారి వస్తున్నాడంటే మా నాన్నే పాత పంచె వెతికి కట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. ఇచ్చేవాడి ముందు లేమిని చూపించాలి. ఉన్నదాన్ని దాచుకోవాలి. మా వైపు పుట్టుకతో వచ్చే చదువు ఇది. కాబట్టి విచారణకు వెళ్ళినప్పుడల్లా నేను వెతికేది ఒక్కటే: ఏం దాచారు? మనుషులు లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తారని నాకు తోచనే లేదు. ఆ తోచకపోవడం వల్ల ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయింది. దాని గురించే ఇదంతా రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు గనక రాస్తున్నాను.

ఆ ఇల్లు మైపాడులో. మే నెల. సముద్రం మీద వేట నిషేధం నడుస్తున్న రోజులు. బోట్లన్నీ ఇసుకలోకి లాగేసి ఉన్నాయి. మగవాళ్ళు నీడల్లో కూర్చుని పాత వలలు బాగుచేసుకుంటున్నారు. రెండు నెలలు ఆ ఊళ్ళో సంపాదన ఉండదని నాకు తెలుసు. పాఠం చెప్పినట్టు తెలుసు.

పిల్ల తండ్రి బస్టాపు దగ్గరే ఎదురొచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, ఎండకు మాడిన మనిషి, ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా నడుస్తున్నాడు. కాలనీ ఇల్లు వాళ్ళది. ముందు చిన్న వసారా. వసారాలో తుడిచి పెట్టిన బోటు ఇంజను. దాని పక్కన కొత్త వలల కుప్ప, ఇంకా షాపు వాసన పోలేదు. వాకిట్లో మోటారు సైకిలు. లోపల ఆరు కుర్చీలు, పూలగుడ్డ పరిచిన బల్ల, నా వైపు తిప్పి పెట్టిన ఫ్యాను. గూట్లో మిక్సీ, వరసగా స్టీలు బిందెలు.

బల్ల వెనక కుర్చీలో పిల్ల కూర్చుని ఉంది. పట్టు పరికిణీ, మెడలో గొలుసు. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. కానీ లేవలేదు.

నేను గదిలోకి అడుగుపెడితే అరవై మంది పిల్లలు లేచి నిలబడటానికి అలవాటు పడినదాన్ని. రిటైరైనా ఆ అలవాటు పోదు. నాకు లోపల చురుక్కుమంది. లేస్తుందేమోనని ఒక్క క్షణం నిలబడే ఉన్నాను. లేవలేదు. వాళ్ళమ్మ కంగారుగా "కూసోండమ్మా, కూసోండి" అంటూ కుర్చీ జరిపింది. సరేలే, సొంత బోటున్న ఇంటి పిల్ల, గీర ఉంటుంది అనుకున్నాను.

తండ్రిని అడగడం మొదలుపెట్టాను. ఆయన దేనికీ తడుముకోలేదు.

"మాకేం కొదవ లేదు మేడం. బోటు మాదే, ఇంజను మాదే. వలలు ఈ ఏడే కొన్నాం. పాపను మజ్జలో మానిపించే బాపతు కాదు మేం. మీరు చెయ్యి పెడితే చాలు, ఒడ్డు చేరస్తాం."

ఈ "మధ్యలో మానిపించం" అన్న మాట ఆయన నాలుగైదు సార్లు అన్నాడు. నాకది ప్రగల్భంగా వినపడింది. ఏ లోటూ లేకపోతే మా దగ్గరికెందుకొచ్చారని అడగబోయి, ఊరుకున్నాను. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో. అడగలేదు, ఎందుకంటే నా మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది.

భోజనం చేయకుండా కదలనివ్వలేదు. ట్రస్టు నియమం ప్రకారం విచారణకు వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. కానీ లోపల్నుంచి వేపుడు వాసన వస్తోంది. అరిటాకు వేశారు. ఖరీదైన వంజరం చేప, పెద్ద పెద్ద ముక్కలు, కారం పట్టించి ఎర్రగా వేయించినవి. మామిడికాయ వేసిన పులుసు వేరే. రొయ్యల ఇగురు వేరే.

"వేట లేని రోజుల్లో వంజరం ఎక్కడిదండీ?" అన్నాను.

"మాకు దొరకతాదిలే మేడం" అని ఆయన నవ్వాడు.

నేను మూడు ముక్కలు తిన్నాను. నాలుగోది వాళ్ళమ్మ వద్దంటున్నా వేసింది, అదీ తిన్నాను. "ఇంకో ముద్ద ఏసుకోమ్మా, ఎండన పడొచ్చినావు" అంటూ ఆవిడ నా పక్కనే నిలబడి వడ్డించింది. ఆ ఇంట్లో ఇంకెవరూ తినలేదు. అతిథి తిన్నాక తింటారు కాబోలు అనుకున్నాను. ఆ చేప అంత రుచిగా ఉంది, దాచుకోవడం దేనికి?

చెయ్యి కడుక్కుని, అదే బల్ల మీద, ఆ పిల్ల ఎదుటే కూర్చుని విచారణ పత్రం నింపాను. సొంత బోటు, ఇంజను, కొత్త వలలు కలవు. వేట నిషేధ కాలంలో సైతం వంజరం తినగల కుటుంబం. నెల్లూరుకు బస్సులు ఉన్నందున రోజూ వెళ్ళి రావచ్చు, హాస్టలు అవసరం కనబడదు. ఇవన్నీ గడుల్లో రాశాను. ఆ తర్వాత మార్జిన్లో, ఎవరూ అడగని చోట, ఇంకో వాక్యం రాశాను. పెద్దలు వచ్చినా లేవలేదు, పిల్లకు వినయం తక్కువ. ఆ పత్రంలో వినయానికి గడి లేదు. ఆ పిల్ల నా చేతివైపే చూస్తోంది. కొత్త పెన్ను కదా, దాన్ని చూస్తోంది అనుకున్నాను.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. నేనే ఆ పని చేస్తున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు. చేతికి ఇంకా పులుసు వాసన ఉంది.

మీటింగులో పెద్దాయన ఆ దరఖాస్తు దగ్గర ఆగాడు. "మార్కులు చాలా బాగున్నాయే ఈ అమ్మాయికి" అన్నాడు. "మార్కులుంటే చాలదండీ, అవసరం కూడా ఉండాలి కదా" అన్నాను నేను. ఎంత గట్టిగా అన్నానంటే ఆయన ఇక మాట్లాడకుండా కాగితం పక్కకు పెట్టేశాడు. మీ స్తోమత దృష్ట్యా ఇవ్వలేకపోతున్నామని ఒక వాక్యం ఉత్తరం మైపాడుకు వెళ్ళింది.

మరుసటి మే నెలలో మళ్ళీ మైపాడు వెళ్ళాను. అదే వీధి. ఆ ఇంటి పక్కిల్లు. అక్కడ ఇంకో ఆడపిల్ల దరఖాస్తు పెట్టింది. ఆ పిల్ల తల్లి నోరున్న మనిషి, నవ్వుతూ లోపలికి పిలిచి కుర్చీ వేసింది. ఫ్యాను తిప్పింది. బల్ల మీద పూలగుడ్డ. ఆ గుడ్డను నేను ఎక్కడో చూశాను.

"ఈ ఫ్యాను, ఈ బల్ల..." అన్నాను.

"చూసే ఉంటారు మేడం. నిరుడు పక్కింటికి వచ్చినారు గదా. ఆ పొద్దు ఇయ్యన్నీ మా ఇంట్లోవే. కుర్చీలు మాయే, మిక్సీ మాదే. ఇంజను మా మరిదిది. మోటరు సైకిలు మా అన్నది. వలలైతే వీధి చివరోళ్ళయి, ఒక పూటకని అడిగి తెచ్చినారు." ఆవిడ చేతులు తిప్పుతూ చెబుతోంది. "వంజరం నెల్లూరు మార్కెట్టు నుంచి తెచ్చింది నేనే. వీధంతా తలా ఇంత ఏసుకున్నాం. పెద్ద మనిషి వస్తుండాది, మాట రాకూడదని."

ఎందుకలా చేశారమ్మా అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది, చిన్నపిల్ల అడగాల్సిన ప్రశ్న ముసలిది అడిగినట్టు. "ఎందుకంటే ఏంది మేడం? ఏమీ లేనోడికి ఎవురిస్తారు? చేపల షావుకారు వేటకు పెట్టుబడి ఇయ్యాలంటే ముందు వచ్చి చూస్తాడు. బోటుండాదా, వలలుండాయా, మనిషి గట్టిగా ఉన్నాడా అని. చిరిగిన వలున్నోడికి ఇస్తే మునిగిపోతాది గదా. పాప చదువుకైనా అంతే గదా అనుకున్నారు. మూడేళ్ళు లాక్కొచ్చే సత్తా ఉండాదని చూపిస్తేనే మీరు నమ్మి పెడతారని."

కోవూరుకూ మైపాడుకూ మధ్య ఎంత దూరం? ఒక బస్సు దిగి ఇంకో బస్సెక్కితే వచ్చేస్తుంది. మా నాన్న అధికారి ముందు పాత పంచె కట్టాడు. ఇక్కడ వీళ్ళు షావుకారు ముందు కొత్త వల పరుస్తారు. రెండూ కడుపు కోసమే. ఒకటి నాకు పుట్టుకతో తెలుసు, రెండోదాన్ని నేను పొగరు అనుకున్నాను.

"అయితే మీకది నచ్చలా" అంది ఆవిడ. "అందుకే మేం ఈసారి ఉన్నది ఉన్నట్టే ఉంచినాం. ఎక్కువ చూపించి వాళ్ళు చెడిపోయినారు గదా."

ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోందని అడిగాను. అడగడానికే భయం వేసింది.

"రొయ్యల కంపెనీకి పోతుండాది. పొద్దంతా ఒంటికాలి మీద నిలబడి ఒలవాల, పాపం."

"ఒంటికాలేంటమ్మా?"

"మీకు తెలవదా మేడం? దానికి పుట్టుకతోనే ఎడమ కాలు సన్నం. చంకకర్ర లేందే నడవలేదు. ఇంటర్ చదివేటప్పుడు వాళ్ళ నాయినే మోపెడు మీద దించి వచ్చేటోడు. మీరొచ్చిన పొద్దు ఆ కర్ర మా ఇంట్లోనే దాచినారు. కాలు బాగలేని పిల్ల మీద ఎవురు పెడతారు పెట్టుబడి అని వాళ్ళ నాయిన ఒకటే బయం. కాయితంలో కూడా కాలు సంగతి రాయించలా."

మా ట్రస్టు అలాంటి పిల్లల కోసమే పెట్టారని చెప్పబోయాను. ఎవరికి చెప్పాలి, ఇప్పుడు చెప్పి ఏం లాభం? దరఖాస్తు పెట్టిన ఆ ఇంటి పిల్ల వివరాలు ఏవో రాసుకున్నాను. ఈసారి మంచినీళ్ళు కూడా తాగలేదు.

బయటికొచ్చేసరికి వీధి మొదట్లో కంపెనీ వ్యాను ఆగింది. ఆడవాళ్ళు బిలబిలమంటూ దిగారు. ఆఖరున ముందు కర్ర దిగింది, తర్వాత ఆ పిల్ల. తలకు గుడ్డ, నీళ్ళోడుతున్న చుడీదారు. నన్ను గుర్తుపట్టింది. కర్రను చంకలో సర్దుకుని, రెండు చేతులూ కలిపి "నమస్తే మేడం" అంది. ఐసు నీళ్ళల్లో నానీ నానీ ఆ వేళ్ళ చివర్లు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. నేను తల ఊపి, బస్సు వెళ్ళిపోతుందన్నట్టుగా గబగబా నడిచాను. నిజానికి బస్సు రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది.

ఉన్నమాట చెప్పాలి. ఇంటికొచ్చాక మొదట నాకు వచ్చింది బాధ కాదు, కోపం. ఎవరు ఆడమన్నారు నాటకం? దివ్యాంగులా అని గడి ఉంటే కాదని పెట్టింది వాళ్ళు కాదా? నేనేమైనా సోదె చెప్పేదాన్నా, పరికిణీ కింద కాలు ఎలా ఉందో తెలుసుకోవడానికి? మూడు రోజులు గిన్నెల మీద, పనిమనిషి మీద, వీధిలో హారను కొట్టినవాడి మీద ఆ కోపం చూపించాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటారే, అలా పట్టుకుని వేలాడాను.

నాలుగో రోజు మార్జిన్లో రాసిన వాక్యం గుర్తొచ్చింది. బోటు గురించి వాళ్ళు అబద్ధం చెప్పారు, నిజమే. చేప గురించీ చెప్పారు, నిజమే. కానీ పిల్లకు వినయం తక్కువ అని వాళ్ళెవరూ నాకు చెప్పలేదు. అది నేను కల్పించింది. లేవలేని పిల్లను లేవలేదని రాశాను. ఒక్కసారి "లేమ్మా" అని గద్దించి ఉన్నా బాగుండేది, కనీసం నిజం బయటపడేది. నాకు అడగడం కంటే రాయడమే ఇష్టమైంది. ఆ రోజు నుంచి వంజరం మా ఇంట్లోకి రావడం మానేసింది. అదేదో ప్రాయశ్చిత్తమని కాదు, మింగుడు పడక.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు జూన్ మీటింగుకు వెళ్ళాను. ట్రస్టు నియమం ప్రకారం ఆ ఏడు ఇంటర్ పాసైన వాళ్ళకే ఇస్తారు. ఈ పిల్లకు ఏడాది దాటిపోయింది. మినహాయింపు కావాలంటే కారణం చెప్పాలి. బస్సులో కూర్చుని చెప్పాల్సిందంతా కట్టుకున్నాను. తప్పు నాది. ఆ ఇంట్లో భోజనం చేశాను. కంటికి కనబడిందే నమ్మాను. కోపంతో పిల్ల గురించి లేనిపోనిది రాశాను. ఆ నాలుగు ముక్కలూ చెప్పి కూర్చుంటే సరిపోతుంది.

లేచి నిలబడ్డాక నా నోట్లోంచి వచ్చింది వేరు. "నిరుడు ఆ కుటుంబం మనల్ని తప్పుదారి పట్టించిందండీ" అన్నాను. ఎరువు తెచ్చిన సామాన్లు, దాచిన చంకకర్ర, అన్నీ చెప్పాను. చక్కగా చెప్పాను. ఒకరిద్దరికి కళ్ళు చెమర్చాయి. నా భోజనం సంగతి రాలేదు. మార్జిన్ సంగతి అసలే రాలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పాపం, ఎంత భయపడి ఉంటారో" అన్నాడు. తర్వాత, "ఇద్దాం. ఈ ఒక్క పిల్లకూ నియమం సడలిద్దాం. కానీ ఫైల్లో ఏదో ఒకటి ఉండాలి కదమ్మా, రేపు ఇంకొకరు అడిగితే? నిరుడు తప్పు వివరాలు ఇచ్చాం, మన్నించండి అని వాళ్ళ చేత ఒక కాగితం రాయించుకు రండి, చాలు" అన్నాడు.

ఆ కాగితం రాయాల్సింది వాళ్ళు కాదు, నేను, అనడానికి అదే అదను. నాలుక మీదిదాకా వచ్చింది. పక్కనున్నాయన "మీ కన్ను కన్నేనండీ, రెండో ఏడైనా పట్టేశారు" అన్నాడు. నేను "అలాగేనండీ, రాయించుకొస్తాను" అన్నాను.

వేట మొదలైంది. మైపాడులో మగవాళ్ళంతా సముద్రం మీద ఉన్నారు. పిల్ల తండ్రి ఇంకొకరి బోటులో కూలికి వెళ్ళాడు. ఎప్పుడూ వెళ్ళేది అలాగేనట. వసారా ఖాళీగా ఉంది, చాప వేశారు. చాప మీద నేను, ఎదురుగా గోడకు ఆనుకుని పిల్ల, గడప దగ్గర వాళ్ళమ్మ. ట్రస్టు ఒప్పుకుందని చెప్పగానే వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాగితం సంగతి చెప్పాను. "రాస్తాది, రాస్తాదమ్మా, ఎట్టా చెప్తే అట్టా రాస్తాది" అని పిల్ల పాత ఇంటర్ నోటుపుస్తకం తెచ్చి మధ్యలో పేజీ చింపి ఇచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

నేను చెబుతుంటే పిల్ల రాస్తోంది. అలవాటైన గొంతే వచ్చింది నాకు, డిక్టేషన్ చెప్పే గొంతు. నిరుడు మా ఇంటి పరిస్థితి గురించి నిజం చెప్పకుండా, తమరిని మోసగించినందుకు. "మోసగించినందుకు" అన్న దగ్గర పిల్ల పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. మాకు లేని వస్తువులు ఉన్నట్టుగా చూపించినందుకు. నా కాలి విషయం దాచినందుకు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నా ముప్పై రెండేళ్ళ బడిలో అలాంటి రాత ఏ పది మందికో ఉండి ఉంటుంది. వేలి చివర పొరలు లేచిన చోట పెన్ను పట్టు కుదరక మధ్యమధ్య చుడీదారుకు తుడుచుకుంటోంది.

చివర్లో తలెత్తింది. లోపల వాళ్ళమ్మ గిన్నెల చప్పుడు వినపడుతోంది. అది చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, వినయం సంగతి కూడా రాయమంటారా?"

నాకు అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"నిరుడు మీరు కాయితం మీద రాస్తా ఉంటే చదివినా మేడం. ఎదురుగానే కూసోనుంటి గదా. మీ రాత పెద్దది, తలకిందులుగా కూడా చదవొచ్చు. పెద్దలొస్తే లేవలేదని రాసినారు. అది కూడా మా తప్పని రాయాల్నా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, నాకు కోపం వచ్చేది. కాలేజీ సీటు పోకూడదు, ఏం రాయాలో అది పూర్తిగా రాసేయాలి, అంతే. ఏడాది పాటు ఆ వాక్యం మనసులో పెట్టుకుని, ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచింది. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్ళమ్మ నాకు చాప వేసేదా?

"అది వద్దులేమ్మా" అన్నాను.

"సరే మేడం" అని సంతకం పెట్టింది.

అప్పుడైనా చెప్పొచ్చు. తప్పు నీది కాదు తల్లీ, నాది, అనడానికి ఎంతసేపు? అక్కడ ఉన్నది ఆ పిల్ల ఒక్కతే, ఆ పిల్లకు అంతా తెలుసు కూడా. కాగితం తీసుకుని సిరా ఆరిందో లేదో చూస్తున్నట్టు దానికేసి చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళమ్మ టీ గ్లాసులతో వచ్చింది. కూతురు సంతకం కింద తనూ వేలిముద్ర వేస్తానంది. అక్కర్లేదన్నా వినలేదు, పెన్ను సిరా బొటనవేలికి రాసుకుని గట్టిగా అద్దింది. తర్వాత నా ముందు చాప మీద కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"అబద్దమాడినామమ్మా నీతో. అన్నం పెట్టి మరీ అబద్దమాడినాం. అంత పెద్దదానివి, ఎండన పడి మా బిడ్డ కోసం వస్తే నీ కళ్ళు గప్పినాం. అయినా మనసులో పెట్టుకోకుండా మళ్ళా వచ్చినావు. మమ్మల్ని మన్నించమ్మా."

పిల్ల పెన్నుకు మూత పెడుతోంది. తలెత్తలేదు.

నేను ఆవిడ చేతుల మీద చెయ్యి వేసి, "సరేలేమ్మా, జరిగిందేదో జరిగింది. ఇంకెప్పుడూ ఇలా చేయబాకండి" అన్నాను.